ఇంట్లో ఖాళీ బెడ్‌రూమ్‌ని స్టోర్ రూమ్ చేయాలంటే పర్మిషన్ కావాలా?

వేదాయపాళెం_వాసు
జీ ప్లస్ వన్ ఇల్లు మాది. ప్లాన్ అప్రూవల్ తీసుకునే కట్టాం. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు, పైన వెనకవైపు 10×12 బెడ్‌రూమ్ ఊరికే పడి ఉంది. దాన్ని సామాన్ల గది చేద్దామనుకుంటున్నాం. ఊరి నుంచి ఏటా వచ్చే వడ్లు, ఇంట్లో చోటు చాలని సామాన్లు, మా ఆవిడ వాట్సాప్‌లో అమ్మే చీరల స్టాకు, అన్నీ అందులోకే. ఒక కిటికీ మూసేసి, గోడలకు పైదాకా ఇనుప ర్యాకులు కొట్టించి, మెట్ల వైపు ఇంకో తలుపు పెట్టించాలని ఆలోచన.
మేస్త్రి ఏమో "మీ గది మీ ఇష్టం, ఎవరొచ్చి అడుగుతారు" అన్నాడు. పక్కింటాయన "వాడకం మారుస్తున్నారు, మళ్లీ ప్లాన్ పెట్టాలి, లేదంటే నోటీసొస్తుంది" అని భయపెట్టాడు. మధ్యలో ఇంకొకాయన తగిలి, తెలిసినవాళ్లున్నారు, పదిహేను వేలిస్తే అంతా తనే చూసుకుంటానన్నాడు. దేనికి పదిహేను వేలు అంటే మాత్రం చెప్పడు. ఇందులో ఏది నిజం?

ఒంగోలు_గిత్త
మా ఇంట్లో ప్లాన్ ప్రకారం "స్టడీ రూమ్" అని ఒకటుంది. ప్రస్తుతం అందులో చదువుకుంటున్నవి ఒక ట్రెడ్‌మిల్, రెండు పాడైన కూలర్లు, మా నాన్నగారి పొలం పైపులు. ఇంతవరకు ఏ నోటీసూ రాలేదు.

కావలి_కుర్రోడు
నవ్వులాట కాదు గిత్తా. మా బాబాయికి నిజంగానే నోటీసొచ్చింది. సామాన్ల కోసమని ఇంటి పక్కన రేకులు వేసుకున్నాడు, ఎవరో కంప్లయింట్ ఇచ్చారు. కాబట్టి పర్మిషన్ లేకుండా మొదలుపెట్టొద్దు వాసు గారూ.

ప్లాన్లు_గీసేవాడు
నేను ఎల్‌టీపీని, అంటే మీ ప్లాన్లు గీసి ఆన్‌లైన్‌లో పెట్టేవాడిని. పైన రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి, విడదీస్తాను.
కావలి తమ్ముడు చెప్పింది గది సంగతి కాదు, సెట్‌బ్యాక్ సంగతి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో రేకులు వేసినా, గోడ లేపినా అది కొత్త నిర్మాణమే. లోపల పెట్టింది పాత సామాన్లా బంగారమా అని చూడరు. నోటీసు రావడంలో వింతేమీ లేదు.
వాసు గారిది కట్టిన ఇంట్లో ఉన్న గది. మన ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాలకు 2017 బిల్డింగ్ రూల్స్ నడుస్తున్నాయి, జీవో 119. అందులో గానీ మున్సిపల్ చట్టాల్లో గానీ "బెడ్‌రూమ్‌లో వడ్ల బస్తా పెడితే అనుమతి తీసుకో" అని ఎక్కడా లేదు. నివాస భవనంలో సామాన్ల గది కూడా నివాసంలో భాగమే. పడకగదిని పూజగది చేసినా, సామాన్ల గది చేసినా మీ ఇంటివాళ్ల సొంత వాడకం ఉన్నంతవరకు అది వాడకం మార్పు కిందకి రాదు. సున్నం, పెయింటు, నేల మార్చడం, పూత పని, గోడకు ర్యాకులు బిగించడం, వీటికి ఎవరూ ప్లాన్ అడగరు.
అడిగేది ఎక్కడంటే: బయటి గోడ ముందుకు జరిపినప్పుడు, కొత్త మెట్లు వేసినప్పుడు, స్లాబు కోసినప్పుడు, స్తంభం, దూలం ముట్టుకున్నప్పుడు, బాల్కనీ మూసి గదిలో కలుపుకున్నప్పుడు. మెట్ల వైపు తలుపు అంటున్నారు కదా, ఆ మెట్లు ఇప్పటికే ప్లాన్‌లో ఉన్నాయా, కొత్తగా వేస్తారా? ఆ గోడ స్తంభాల మధ్య కట్టిన ఇటుక గోడా, లేక బరువు మోసే గోడా? ముందు ఇవి చెప్పండి.
పదిహేను వేలాయన్ని అడగాల్సింది ఒకటే: ఏ దరఖాస్తు, ఏ ఫీజు, చలానా ఎవరి పేరున వస్తుంది? దానికి జవాబు లేకపోతే టీ తాగించి పంపేయండి.

వేదాయపాళెం_వాసు
మెట్లు పాతవే, ప్లాన్‌లో ఉన్నాయి. పిల్లర్ల ఇల్లు. మధ్యలో 9 అంగుళాల ఇటుక గోడ.

ప్లాన్లు_గీసేవాడు
అయితే తలుపు పెట్టడానికి ప్లాన్ మళ్లీ పెట్టే పని లేదు. పైన లింటెల్, అంటే తలుపు మీద గోడ బరువు మోసే అడ్డ దూలం, సరిగ్గా వేయించండి చాలు, మేస్త్రి తొందరలో రెండు రాడ్లు పెట్టి అయిపోయిందనిపిస్తాడు. కిటికీ మాత్రం మూయొద్దని నా సలహా. రేపు ఆ గది మళ్లీ పడకగది కావాలంటే గాలి, వెలుతురు చూపించాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కలో మనుషులుండే గది ఒక్కటే అయితే 9.5 చదరపు మీటర్లు, రెండుంటే రెండోదానికి 7.5, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలి. సామాన్ల గదికి 3 చదరపు మీటర్లు చాలు. గది స్థాయి తగ్గించుకోవడం సులువు, మళ్లీ పెంచుకునేటప్పుడే తంటా.

మూలాపేట_మిద్దె
అందరివీ పిల్లర్ల ఇళ్లు కావు సార్. మా పాత మిద్దె చెక్క దూలాల మీద నిలువు ఇటుక పేర్చి సున్నం వేసింది. అలాంటి మేడ మీద సామాన్ల గది అనే ఆలోచనే పెట్టుకోకూడదు. మా ఎదురింట్లో పుస్తకాల అలమారాలు మూడు ఒకే గోడకు చేర్చారు, కింద హాల్లో దూలం మధ్యలో వేలు దూరేంత కుంగింది. సున్నం పెళ్లలు రాలుతుంటే చూసుకున్నారు.

లెక్కల_సారు
మూలాపేట వారు చెప్పిందే అసలు సంగతి. పర్మిషన్ గురించి ఇంత చర్చ చేస్తున్నాం, స్లాబు పర్మిషన్ ఎవరూ అడగలేదు.
స్ట్రక్చరల్ లెక్క ఇది. ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్లలో గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల బరువు లెక్కేసి స్లాబు డిజైన్ చేస్తారు. మన మాటల్లో సుమారు 200 కిలోలు. అదే గోడౌన్ అయితే నిల్వ ఎత్తు మీటరుకు 2.4 చొప్పున, ఎంత తక్కువైనా 7.5 ఉండాలి. నాలుగింతలకు కాస్త తక్కువ.
వాసు గారి 10×12 గది సుమారు 11 చదరపు మీటర్లు. గదంతా సమానంగా పరిస్తే 2,200 కిలోలు. 75 కిలోల బస్తాలైతే 29. కానీ బస్తాలు ఎవరూ పరచరు, ఒకదానిమీద ఒకటి వేస్తారు. అయిదు బస్తాల దొంతి కింద చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. మూడింతలు!

మొలగొలుకులు
మా భాషలో చెప్పండి సారూ. పుట్టి అంటే 850 కిలోలు. అంటే ఆ గదికి రెండున్నర పుట్లు. అదీ పరిస్తేనే. ఏటికి తిండికి రెండు పుట్లు తెచ్చుకునే ఇల్లయితే సరిపోతుంది, కానీ ఇంక ఇనుప ర్యాకులు, సామాన్లకు లెక్క మిగలదు.

లెక్కల_సారు
అంతే. వడ్లు కింద గదిలో, నేల మీద. పైకి తేలికపాటివి. ర్యాకులు కూడా గోడల వెంబడి, కింద దూలం ఉన్న వైపు. గది నడిమధ్యలో ఏదీ పేర్చొద్దు.

చీమకుర్తి_నల్లరాయి
గ్రానైట్ శాంపిళ్లు పైన గదిలో పెట్టే మా వ్యాపారులకు కూడా ఈ లెక్క చూపించాలి. 20 మిల్లీమీటర్ల పలక ఒక్కటే చదరపు మీటరుకు 50 కిలోల పైన. నాలుగు పలకలు పడుకోబెడితే 200 కిలోలు అయిపోయినట్టే. నిలబెట్టి ఆనిస్తే ఇంకా ఘోరం, బరువంతా సన్నటి గీత మీద పడుతుంది. అడుగున టైల్స్ పగిలి ఉంటాయి, చూసేవాళ్లు పాత టైల్స్ అనుకుంటారు.

ఈశాన్యం_స్పెషలిస్ట్
అసలు గది ఏ మూలో ఎవరూ అడగలేదే. వెనకవైపు అంటే నైరుతి అయితే పర్వాలేదు, ఈశాన్యం అయితే బరువు పెట్టొద్దు.

ఒంగోలు_గిత్త
వచ్చేశారండీ! మున్సిపాలిటీ వదిలినా ఈయన వదలడు.

ఈశాన్యం_స్పెషలిస్ట్
నవ్వండి నవ్వండి. లెక్కల సారు చెప్పినా, నేను చెప్పినా చివరకు బరువు తగ్గించుకోమనే కదా.

కోవూరు_రైతుబిడ్డ
వడ్లు ఇంట్లో పెట్టేవాళ్లకి ఒక మాట, దయచేసి దాటేయకుండా చదవండి. పురుగు పడిందని బస్తాల మధ్య మాత్రలు పెడతారు చూడండి, అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసినా సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. విరుగుడు మందు లేదు. వాటిని మామూలు జనానికి అమ్మడమే నిషేధం. ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలి. అయినా ఎవరో ఒకరు తెచ్చిస్తారు. మనుషులు పడుకునే ఇంట్లో అస్సలు వద్దు.
వడ్లయితే బాగా ఎండబెట్టి తేమ 14 శాతం లోపు తెచ్చాకే బస్తాకెత్తాలి. కింద చెక్క పలకలు వేసి, గోడకు మూర దూరం వదలాలి. అక్టోబరు నుంచి మనకు వానలు కదా, గోడకు ఆనిన బస్తా వెనక తడిమి చూడండి, గోనె మెత్తగా అయి తెల్లటి బూజు చేతికంటుతుంది. అప్పటికి లోపల రెండంగుళాల మేర గింజ రంగు మారి ఉంటుంది.

బుచ్చి_అమ్మాయి
బియ్యానికి మా అమ్మమ్మ వేపాకు ఎండబెట్టి కలిపేది. ముక్కపురుగు తక్కువే ఉండేది. వంటప్పుడు ఆకు ఏరుకోవడం మా పని.

కరెంటోడు
చీరల స్టాకు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అసలు మెలిక అక్కడే. సొంత సామాన్లయితే ఇల్లు ఇల్లే. అమ్మే సరుకు నిల్వ పెడితే మీటర్ దగ్గర లెక్క మారుతుంది. గృహ కనెక్షన్ మీద వ్యాపారానికి కరెంటు వాడితే ఆ లోడ్‌కి కేటగిరీ 2 కింద వేరే మీటర్ తీసుకోవాలి, లేకపోతే మొత్తం వాడకాన్ని కమర్షియల్‌గా వేసేయొచ్చు. తనిఖీలో దొరికితే 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ ఉంది, వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్కకడతారు.
అలాగని అలమారలో ఇరవై చీరలుంటే ఎవరూ రారు. ఆ గదిలో ఏసీ, కుట్టుమిషన్లు, ప్యాకింగ్ టేబులు, బయట బోర్డు, ఇవన్నీ వచ్చాక ఇంటి మీటరే అంటే కుదరదు.

స్టోన్‌హౌస్‌పేట_హోల్‌సేల్
జీఎస్టీ నంబరున్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. సరుకు ఇంట్లో పెడితే ఆ ఇంటి అడ్రసును అదనపు వ్యాపార స్థలంగా రిజిస్ట్రేషన్‌లో చేర్పించాలి. మార్పు జరిగిన 15 రోజుల్లో. చిన్న విషయమని వదిలేస్తాం, తనిఖీకి వచ్చినప్పుడు "ఈ గోడౌన్ కాగితాల్లో లేదే" అంటే సమాధానం ఉండదు. తినే సరుకు అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా. పచ్చళ్లు పెట్టి అమ్మే ఆడవాళ్లు చాలామంది ఇది తీసుకోవట్లేదు.

వేదాయపాళెం_వాసు
అమ్మో, చీరలకు ఇంత కథ ఉందా! మా ఆవిడకి జీఎస్టీ లేదు, దసరా, సంక్రాంతికి వెంకటగిరి నుంచి తెచ్చి తెలిసినవాళ్లకు అమ్ముతుంది అంతే. ఆస్తి పన్ను కూడా పెరుగుతుందా?

కందుకూరు_రిటైర్డ్
రెవెన్యూ సెక్షన్‌లో పనిచేసి దిగినవాడిని, చెప్తాను. 2021-22 నుంచి పట్టణాల్లో పన్ను అద్దె విలువ మీద కాదు, ఆస్తి మూలధన విలువ మీద. నివాసానికి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం మధ్య కౌన్సిల్ నిర్ణయిస్తుంది. ఇల్లంతా నివాసమే, ఒక అలమారలో పండగ చీరలున్నాయంటే నివాసేతరం కాదు. గదిని ఎవరికో గోడౌన్‌గా అద్దెకిస్తేనో, షట్టర్ పెడితేనో ఆ మేరకు నివాసేతరం అవుతుంది. షట్టర్ కనపడితే మా వాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు.

కావలి_కుర్రోడు
ఇన్ని రూల్స్ చెప్తున్నారు, వాస్తవానికి కంప్లయింట్ వస్తేనే ఎవరైనా వస్తారు. పక్కింటాయనతో మంచిగా ఉండటమే అసలు పర్మిషన్.

ప్లాన్లు_గీసేవాడు
అందులో కొంత నిజముంది తమ్ముడూ, కానీ కంప్లయింట్ వచ్చాక ఏం జరుగుతుందో కూడా తెలియాలి. రాత్రికి రాత్రి కూల్చరు. ముందు ప్రొవిజనల్ ఆర్డర్ ఇస్తారు, వివరణ అడుగుతారు, అది నచ్చకపోతే కన్ఫర్మేషన్ ఆర్డర్. మీ దగ్గర అప్రూవ్డ్ ప్లాన్, పనికి ముందు, తర్వాత తీసిన ఫొటోలు ఉంటే వివరణ ఒక పేజీలో అయిపోతుంది. వాసు గారూ, ఒక పని చేయండి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, ప్లాన్ కాపీ తీసుకెళ్లి చూపించి, చేసే పని ఒక తెల్లకాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పైసా ఖర్చు లేదు.

టంగుటూరు_బేలు
మాది పల్లె, పంచాయతీలో ఈ గోల లేదు. ప్లాన్ కూడా అక్కర్లేదు.

ప్లాన్లు_గీసేవాడు
అక్కర్లేదని ఎవరన్నారు? పంచాయతీలకు 2002 నాటి లేఅవుట్, బిల్డింగ్ రూల్స్ వేరే ఉన్నాయి. ఇల్లు కట్టాలంటే పంచాయతీ అనుమతి తీసుకోవాల్సిందే. మీ వైపు ఒంగోలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధి, నెల్లూరు చుట్టుపక్కలైతే నుడా (నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) పరిధి కూడా చూసుకోవాలి. గది లోపల మార్పుకు మాత్రం పట్టణానికి చెప్పిందే పల్లెకూ.

టంగుటూరు_బేలు
సరే ఒప్పుకున్నాం. మా బాధ వేరే. వేలంపాట తేదీ వచ్చేదాకా పొగాకు బేళ్లు ఇంట్లోనే పెట్టుకుంటాం. ముందు గది మొత్తం అదే. ఘాటుకి చుట్టాలు రాత్రి ఉండరు. బీరువాలో పట్టుచీరలకు కూడా ఆ వాసనే. మండె కట్టిన (ఆకు కుప్పగా పేర్చిన) రోజుల్లో చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉంటుంది, తిరగెయ్యకపోతే ఆకు నల్లబడుతుంది. పక్కనే డీజిల్ డబ్బాలు కూడా ఉంటాయి మా ఇంట్లో, ఇంజన్ కోసం. దానికేమైనా లైసెన్స్ ఉందా?

కందుకూరు_రిటైర్డ్
డీజిల్ బి తరగతి పెట్రోలియం. ఒక్కో డబ్బా 1,000 లీటర్లు మించకుండా, మొత్తం 2,500 లీటర్ల దాకా లైసెన్స్ అడగరు. అమ్మకానికి కాని పెట్రోల్ అయితే 30 లీటర్లే. కానీ లైసెన్స్ అక్కర్లేదు కదా అని పొగాకు పక్కన పెట్టుకుంటారా? వెంటనే వేరే కొట్టంలోకి మార్చండి బాబూ.

పొదిలి_ఎరువులు
పురుగుమందులు కూడా. సొంత పొలానికి తెచ్చుకున్నవైనా తినే వస్తువులున్న గదిలో పెట్టకండి. అమ్మేవాళ్లకైతే లైసెన్స్ కాగితంలో నిల్వ చేసే చోటు కూడా ఉండాలి, మందుల్ని వేరే గదిలోనో, తాళం వేసిన అలమారలోనో ఉంచాలని ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్‌లో స్పష్టంగా ఉంది. ఇంటి బెడ్‌రూమ్‌ని గోడౌన్‌గా చూపిస్తామని మా దగ్గరకు వచ్చేవాళ్లున్నారు. కుదరదు.

భాగ్యనగర్_ఫ్లాట్
ఒంగోల్లో మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కింద పార్కింగ్‌లో తన కారు చోటు చుట్టూ గోడ కట్టి సామాన్ల గది చేశాడు. "నా పార్కింగ్, నేను కొనుక్కున్నా" అంటాడు. ఇప్పుడు కారు రోడ్డు మీద. ఇది కూడా "సొంత గది" కిందికే వస్తుందా?

ప్లాన్లు_గీసేవాడు
రాదు. పార్కింగ్‌కి చూపించిన చోటు పార్కింగే. సెల్లార్ అయినా, స్టిల్ట్ (పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు) అయినా. కడితే తీసేయిస్తారు. అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగా ఇవ్వండి.

భాగ్యనగర్_ఫ్లాట్
అసోసియేషన్ ప్రెసిడెంట్ ఆయనే.

ఒంగోలు_గిత్త
😂😂 ఈ థ్రెడ్‌లో ఇదే టాప్.

పాలసీ_పద్మజ
ఇన్సూరెన్స్ వైపు నుంచి ఒక్కటి. భారత్ గృహరక్ష లాంటి ఇంటి పాలసీలు ఇంటికి, ఇంటి సామాన్లకు. వ్యాపార సరుకు దాని కిందకు రాదు. అగ్నిప్రమాదం జరిగితే చీరల నష్టం మీదే. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో అమ్మకానికి పెద్ద నిల్వ ఉండి పాలసీలో చెప్పకపోతే ఇంటి క్లెయిమ్ దగ్గర కూడా పేచీ పెట్టే వీలుంది. స్టాకు లక్షల్లోకి వెళ్తే విడిగా పాలసీ తీసుకోండి.

వేదాయపాళెం_వాసు
అందరికీ ధన్యవాదాలు. మేమిద్దరం కూర్చుని తేల్చుకున్నది: కిటికీ మూయం. వడ్లు కింద, మెట్ల పక్క గదిలోకి. పైన ర్యాకులు రెండు గోడలకే, ఆరడుగుల ఎత్తు వరకే. చీరలు ఒక అలమార దాటనివ్వం. సచివాలయంలో కాగితం ఇచ్చేస్తాం. పదిహేను వేలాయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, చలానా ఎవరి పేరున వస్తుందని అడిగా. "సిగ్నల్ లేదు" అన్నాడు.

మూలాపేట_మిద్దె
సిగ్నల్ బాగానే అందింది ఆయనకి.

బుచ్చి_అమ్మాయి
ఎల్‌టీపీ గారు ఉండగానే నాదీ ఒకటి. వంటింట్లో అటక వేయించాలి, దానికి ఏమైనా ఉందా? ఇత్తడి గుండిగలు, సంక్రాంతి పళ్లేలు పెట్టుకోవడానికి.

ప్లాన్లు_గీసేవాడు
మామూలు అటకకు అనుమతి ఎవరూ అడగరమ్మా. కింద నిలబడ్డ మనిషికి 2.2 మీటర్ల ఎత్తు మిగలాలి, అటక లోపలి ఎత్తు మీటరున్నర దాటకూడదు. దాటితే దాన్ని అంతస్తు కింద లెక్కేసే ప్రమాదముంది. మామూలు ఇళ్లలో అంత ఎత్తే ఉండదు కాబట్టి మీకు భయం లేదు. కడప రాయి పలక గోడలోకి కనీసం నాలుగంగుళాలు దిగేలా బిగించమనండి, పొడవు ఎక్కువైతే మధ్యలో ఇనుప బ్రాకెట్. గుండిగలు గోడ వైపుకి, పళ్లేలు ముందు వైపుకి. పొయ్యికి సరిగ్గా పైన మాత్రం వద్దు, జిడ్డు పట్టి తోమలేక చస్తారు.

బుచ్చి_అమ్మాయి
పొయ్యి పైనే వేద్దామన్నాడు మా కార్పెంటరు. సరే, ఎదురు గోడకే చెప్తాను.